ఇల్మెనైటా, మాగ్నెటైటా? సిక్కోలు తీరంలోని నల్ల ఇసుక గురించి తరచుగా అడిగే ప్రశ్నలు

సిక్కోలు (శ్రీకాకుళం) జిల్లా బారువ నుంచి కళింగపట్నం దాకా, అక్కడి నుంచి విజయనగరం జిల్లా కొణాడ, చింతపల్లి దాకా ఎక్కడ ఒడ్డుకు వెళ్లినా తెల్ల ఇసుక మీద నల్లటి చారలు కనిపిస్తాయి. డిగ్రీలో జియాలజీ చదివే పిల్లలు, హైస్కూలు సైన్సు టీచర్లు, తీరంలో ఉండేవాళ్లు ఆ నలుపు గురించి తరచుగా అడిగే ప్రశ్నలకు జవాబులివి. ఇంట్లో చేయదగ్గ పరీక్షల నుంచి మైక్రోస్కోపు దాకా ఇందులో ఉన్నాయి. ఏ ఒక్క పరీక్షనూ నమ్ముకుని ఖనిజానికి పేరు పెట్టవద్దన్నదే నా గట్టి అభిప్రాయం. ఎందుకో చదువుతుంటే తెలుస్తుంది.

ఆ నల్ల ఇసుక ఇనుప ఖనిజమేనా?

ఇనుము ఉన్న ఖనిజమే, కానీ ఇనుము కోసం తవ్వే ఖనిజం కాదు. మన తీరంలో ఆ నలుపులో ఎక్కువ వాటా ఇల్మెనైట్‌ది. అందులో ఇనుము, టైటానియం, ఆక్సిజన్ ఉంటాయి. మాగ్నెటైట్ కూడా ఉంటుంది గానీ తక్కువ. అందులో ఉండేవి ఇనుము, ఆక్సిజన్ మాత్రమే. రెండూ నల్లగా, బరువుగా ఉంటాయి, రెండూ మెరుస్తాయి. అందుకే ఇంత గందరగోళం.

కొత్తవలస నుంచి కిరండూల్ వెళ్లే రైలు మార్గంలో గూడ్సు బళ్లు మోసుకొచ్చే బైలదిల్లా ఖనిజం మాత్రం ఈ రెండూ కాదు. అది హెమటైట్. దాన్ని పింగాణీ మీద గీస్తే ఎర్రటి గీత పడుతుంది.

ఈ ఇసుక ఒడ్డుకు ఎక్కడి నుంచి వస్తుంది? చారలుగానే ఎందుకు పేరుకుంటుంది?

మన వెనక ఉన్న తూర్పు కనుమల నుంచి వస్తుంది. ఆ కొండల్లో ముఖ్యమైన రాళ్లు ఖోండలైట్, చార్నకైట్. దాదాపు వంద కోట్ల ఏళ్ల కిందట భూమి లోతున విపరీతమైన వేడిలో, ఒత్తిడిలో మారి తయారైన రాళ్లివి. వాటిలో ఇల్మెనైట్, ఎర్రటి గార్నెట్, సిల్లిమనైట్, జిర్కాన్ లాంటి ఖనిజాలు చిన్న చిన్న రేణువులుగా ఉంటాయి. వానకీ ఎండకీ రాయి కుళ్లిపోతే ఆ రేణువులు విడివడి వాగుల్లోకి చేరతాయి. వంశధార వాటిని కళింగపట్నం దగ్గర, నాగావళి కళ్లేపల్లి దగ్గర, మహేంద్రతనయ బారువ దగ్గర, చంపావతి కొణాడ దగ్గర సముద్రంలో కలుపుతాయి. నైరుతి రుతుపవనాల కాలంలో అలలు ఆ ఇసుకను ఒడ్డు వెంబడి ఉత్తరంగా నెడతాయి.

చారలు కట్టడం అలల పని. అల పైకి వచ్చేటప్పుడు అన్ని రకాల ఇసుకనూ తెస్తుంది. వెనక్కి జారేటప్పుడు తేలికైన క్వార్ట్జ్‌ను, అంటే మామూలు తెల్ల ఇసుకను, లాక్కుపోతుంది, బరువైన రేణువులు అక్కడే ఉండిపోతాయి. తుఫాను తర్వాత ఈ తేడా మరింత బాగా కనిపిస్తుంది. 2018 అక్టోబరులో తిత్లీ పలాస దగ్గర తీరం దాటినప్పటిలా అలలు ఒడ్డును కోసేస్తే తెల్ల ఇసుక కొట్టుకుపోతుంది, నల్లటి పొర బయటపడుతుంది. చూడాలంటే ఒడ్డు కోతపడిన చోట పక్కగోడను చూడండి. నలుపు, ఎరుపు, తెలుపు పొరలు ఒకదాని మీద ఒకటి కనిపిస్తాయి.

మాస్టారూ, అయస్కాంతం పెడితే అతుక్కుంటోంది కదండీ, మరి అది మాగ్నెటైటే కదా?

అందరూ ముందు అడిగేది ఇదే, అందరూ పొరపడేది కూడా ఇక్కడే. పాత పుస్తకాల్లో మాగ్నెటైట్ అయస్కాంతానికి అతుక్కుంటుందని, ఇల్మెనైట్ అతుక్కోదని ఉంటుంది. ఆ మాట రాసిన రోజుల్లో అందరి దగ్గరా ఉన్నవి మామూలు అయస్కాంతాలు. ఇప్పుడు బజారులో చిన్న నియోడిమియం అయస్కాంతాలు చవగ్గా దొరుకుతున్నాయి. వాటి బలం చాలా ఎక్కువ. దగ్గరగా పెడితే ఇల్మెనైట్‌నూ లాగుతాయి, గార్నెట్ రేణువుల్ని కూడా కొద్దిగా కదిలిస్తాయి. కాబట్టి అతుక్కుందా లేదా అని కాదు, ఎంత దూరం నుంచి లేచిందో చూడాలి.

పాడైపోయిన స్పీకరులోంచి తీసిన నల్లటి అయస్కాంతం ఈ పనికి నియోడిమియం కన్నా మంచిది. దాన్ని ప్లాస్టిక్ కవర్లో చుట్టండి. లేకపోతే అంటిన ఇసుక వదలక పెద్ద తలనొప్పి. ఎండబెట్టిన ఇసుకను తెల్ల కాగితం మీద ఒక్క పొరగా, పల్చగా పరవండి. అయస్కాంతాన్ని పైనుంచి మెల్లగా దించండి. మాగ్నెటైట్ ఉంటే అది తాకకముందే కొన్ని రేణువులు పైకి ఎగిరి, ఒకదానికొకటి తగులుకుని గొలుసులుగా నిలబడతాయి. ఇల్మెనైట్ అలా ఎగరదు. మామూలు అయస్కాంతానికి చాలావరకు కదలదు. ఇసుక కుప్పగా ఉంటే మాత్రం లేచే మాగ్నెటైట్ పక్కనున్న ఇల్మెనైట్‌ను కూడా ఎత్తుకొస్తుంది. అందుకని లేచినదాన్ని వేరే కాగితం మీద మళ్లీ పరిచి, ఇదే పని ఇంకో రెండు మూడుసార్లు చేయాలి.

అసలు కారణం పరమాణువుల అమరికలో ఉంది. మాగ్నెటైట్‌లోని ఇనుము పరమాణువులు రెండు రకాల స్థానాల్లో ఎదురెదురు దిశల్లో అయస్కాంత బలాన్ని చూపుతాయి. కానీ రెండు వైపులా బలం సమానం కాదు కాబట్టి ఒకవైపు గట్టిగా మిగులుతుంది. సుమారు 580 డిగ్రీల సెల్సియస్ దాటేదాకా ఆ గుణం పోదు. ఇల్మెనైట్‌లో మామూలు ఉష్ణోగ్రత దగ్గర అలాంటి అమరికే లేదు. బయటి అయస్కాంతం ఉన్నంతసేపే కాస్త స్పందిస్తుంది, అంతే.

మరో చిక్కు కూడా ఉంది. మన ప్రాంతపు ఇల్మెనైట్ రేణువుల్లో కొన్నిటిలో హెమటైట్ సన్నని పొరలుగా, కొన్నిటిలో మాగ్నెటైట్ చిన్న మచ్చలుగా ఉంటుంది. అలాంటివి శుద్ధమైన ఇల్మెనైట్ కన్నా బాగా లాగబడతాయి. ఆ సంగతి కింద మళ్లీ వస్తుంది.

రెండిటిలో ఇనుము ఎంత?

శుద్ధమైన మాగ్నెటైట్ బరువులో సుమారు 72 శాతం ఇనుమే. ఇల్మెనైట్‌లో సుమారు 37 శాతం. లెక్క ప్రకారం ఇల్మెనైట్‌లో టైటానియం డయాక్సైడ్ 52.6 శాతం ఉండాలి. సహజంగా దొరికేదాంట్లో ఇది మారుతూ ఉంటుంది. మన పక్కనే గంజాం జిల్లా ఛత్రపూర్ ఇసుకలోని ఇల్మెనైట్‌లో సుమారు 50 శాతం ఉంటే, కేరళలోని చవర ఇల్మెనైట్‌లో 60 శాతం దాకా ఉంటుంది. అక్కడి వాతావరణంలో ఇనుము ఎక్కువగా కరిగి బయటికి పోయి టైటానియం వాటా పెరిగింది. ఖనిజం పేరు ఒక్కటే అయినా దాని చరిత్రను బట్టి విలువ మారుతుంది.

రంగు, మెరుపు, గీత చూసి చెప్పగలమా?

రంగు చూసి చెప్పలేం. రెండూ ఇనుప నలుపే. గీత కొంత సాయం చేస్తుంది. పింగాణీ పలక లేకపోతే బాత్రూం టైలు వెనకవైపు గరుకు భాగం చాలు, ఎర్రమట్టి టైలు కాకుండా తెల్లనిదై ఉండాలి. ఇసుక రేణువుతో గీయడం కష్టం కాబట్టి నాలుగైదు రేణువుల్ని రెండు టైలు ముక్కల మధ్య పెట్టి నలిపి, ఆ పొడిని రుద్దండి. మాగ్నెటైట్ గీత శుద్ధ నలుపు. ఇల్మెనైట్ గీత నలుపు నుంచి ముదురు గోధుమ దాకా, ఒక్కోసారి కాస్త ఎర్ర ఛాయతో వస్తుంది. స్పష్టమైన గోధుమ రంగు వస్తే ఇల్మెనైట్ వైపు మొగ్గవచ్చు. నలుపు వస్తే మాత్రం ఏదీ తేలదు. పైగా పాతబడి హెమటైట్‌గా మారిన మాగ్నెటైట్ కూడా ఎర్రటి గీతే ఇస్తుంది.

బరువులో తేడా తెలుస్తుందా?

చేతికి తెలియదు, త్రాసుకు తెలుస్తుంది. మాగ్నెటైట్ విశిష్ట సాంద్రత 5.18. ఇల్మెనైట్‌ది 4.7 దగ్గర. కాలేజీ ల్యాబులో డెన్సిటీ బాటిల్ ఉంటుంది కదా, అది చాలు. 10 గ్రాముల మాగ్నెటైట్ 1.93 గ్రాముల నీటిని పక్కకు నెడుతుంది. 10 గ్రాముల ఇల్మెనైట్ 2.13 గ్రాముల నీటిని నెడుతుంది. తేడా 0.2 గ్రాములు మాత్రమే. కాబట్టి గ్రాములో నూరో వంతు చూపించే త్రాసు ఉండాలి. రేణువుల మధ్య గాలి బుడగలు మిగిలితే ఫలితం తక్కువగా వస్తుంది. బాటిల్‌ను వేళ్లతో తడుతూ బుడగలు పోయేదాకా ఓపిక పట్టండి.

పూర్తిగా వేరుచేసిన ఖనిజం మీదే ఈ పరీక్షకు అర్థం ఉంటుంది. గార్నెట్ కలిసిన ఇసుక అయితే సగటు పడిపోతుంది. బ్రోమోఫారం అనే బరువైన ద్రవం వాడి వేరుచేయవచ్చా అని కొందరు అడుగుతారు. దాని సాంద్రత సుమారు 2.89, క్వార్ట్జ్ తేలుతుంది, ఈ రెండూ మునుగుతాయి. అంటే రెండిటినీ ఒకదాన్నుంచి ఒకటి అది విడదీయదు. పైగా విషం. ఆవిరిని బయటికి లాగే ఫ్యూమ్ హుడ్ లేని చోట సీసా మూత కూడా తీయకండి.

కాఠిన్యం?

మోస్ స్కేలు మీద ఇల్మెనైట్ 5 నుంచి 6, మాగ్నెటైట్ 5.5 నుంచి 6.5. ఇసుక రేణువు మీద ఈ తేడా పనికిరాదు.

స్ఫటికం ఆకారం?

మాగ్నెటైట్ ఘన (క్యూబిక్) వ్యవస్థకు చెందినది, ఎనిమిది ముఖాల స్ఫటికాలుగా పెరుగుతుంది. ఇల్మెనైట్ ట్రైగోనల్ అనే వేరే వ్యవస్థది, పలకలుగా పెరుగుతుంది. రెండిటికీ క్లీవేజ్, అంటే నునుపైన తలాల వెంట చీలే గుణం, లేదు. నదిలో, అలల్లో దొర్లిన రేణువుల్లో అంచులు అరిగిపోతాయి. అయినా లెన్సుతో ఓపిగ్గా వెతికితే అక్కడక్కడా త్రిభుజాకారపు ముఖం మిగిలిన మాగ్నెటైట్ కనబడుతుంది. ఆ ఆనందం వేరు.

థిన్ సెక్షన్‌లో పెడితే రెండూ నల్లగానే కనిపిస్తున్నాయి. అక్కడ ఏమీ చేయలేమా?

థిన్ సెక్షన్ అంటే గాజు పలకకు అతికించి అరగదీసిన రాతి పొర, దాని మందం 0.03 మిల్లీమీటరు. అంత పల్చగా అరగదీసినా ఈ రెండిటి గుండా కాంతి పోదు. అందుకే ప్రాక్టికల్ రికార్డుల్లో చాలామంది "ఓపేక్" (కాంతి పోనివ్వనిది) అని రాసి పక్కన పెట్టేస్తారు. నాకు చాలా బాధ కలిగించే అలవాటు ఇది. రాయి పుట్టుక గురించి చాలా సంగతులు ఆ నల్ల మచ్చల్లోనే ఉంటాయి.

మైక్రోస్కోపు కింది లైటు ఆపేయండి. సెల్‌ఫోను టార్చిని పక్కనుంచి ఏటవాలుగా స్లైడ్ పైకి కొట్టండి. ఇల్మెనైట్ మారడం మొదలుపెడితే అంచుల్లో, పగుళ్లలో తెల్లటి లేదా పసుపు కలిసిన మసక పదార్థం కనిపిస్తుంది. దాన్ని ల్యూకోక్సీన్ అంటారు. ఇనుము బయటికి పోయాక మిగిలిన టైటానియం ఆక్సైడ్ అది. మాగ్నెటైట్ మారితే అంచుల్లో ఎర్రటి హెమటైట్ వస్తుంది. ఇంకా ఆకారం చూడండి. సన్నగా, పొడుగ్గా, పలకను అడ్డంగా కోసినట్టున్న మచ్చలు ఇల్మెనైట్ అయ్యే అవకాశం ఎక్కువ. చతురస్రం, త్రిభుజం, షడ్భుజి ఆకారాలైతే మాగ్నెటైట్. ఇవన్నీ ఆధారాలే గానీ తీర్పులు కావు. తీర్పు పరావర్తన కాంతి కింద వస్తుంది.

పరావర్తన కాంతి కింద ఎలా గుర్తుపట్టాలి?

పైనుంచి వెలుగు పడే ఓర్ మైక్రోస్కోపు కావాలి. ఇసుకను రెసిన్‌లో పోసి, గట్టిపడ్డాక అద్దంలా పాలిష్ చేయాలి. పాలిష్ సరిగా లేకపోతే ఏ రంగు చూసినా నమ్మలేం.

మొదట ఒక్క పోలరైజర్‌తో (కాంతిని ఒకే దిశలో కంపించేలా చేసే ఫిల్టరుతో) చూడండి. మాగ్నెటైట్ బూడిద రంగులో, కొద్దిగా గోధుమ ఛాయతో ఉంటుంది. పడిన కాంతిలో సుమారు 20 శాతాన్ని తిప్పి పంపుతుంది. ఇల్మెనైట్ కాస్త ముదురు, గోధుమ బూడిద రంగులో గులాబీ ఛాయ. అది తిప్పి పంపేది దిశను బట్టి సుమారు 17 నుంచి 20 శాతం. విడిగా చూస్తే ఈ ఛాయ కంటికి అందకపోవచ్చు. రెండు రేణువులూ పక్కపక్కనే ఉన్న చోటు వెతకండి, తేడా వెంటనే తెలుస్తుంది. హెమటైట్ కూడా ఉంటే రెండిటికన్నా తెల్లగా, ప్రకాశంగా కనిపిస్తుంది.

ఇప్పుడు స్టేజి, అంటే నమూనా పెట్టిన గుండ్రటి బల్ల, తిప్పండి. మాగ్నెటైట్ రంగులో ఏ మార్పూ రాదు. ఇల్మెనైట్ తిరుగుతున్నకొద్దీ కాస్త లేతగా, కాస్త ముదురుగా మారుతుంది. గాలిలో ఈ మార్పు స్వల్పం, ఆయిల్ లెన్సులో బాగా తెలుస్తుంది.

తర్వాత రెండో పోలరైజర్ కూడా మొదటిదానికి అడ్డంగా పెట్టండి (క్రాస్డ్ పోలరైజర్లు అంటే ఇవే). అసలైన తేడా ఇక్కడుంది. మాగ్నెటైట్ ఐసోట్రోపిక్, అంటే అన్ని దిశల్లో కాంతితో ఒకేలా ప్రవర్తిస్తుంది. స్టేజి ఎంత తిప్పినా చీకటిగానే ఉంటుంది. ఇల్మెనైట్ అనైసోట్రోపిక్, అంటే దిశను బట్టి మారుతుంది. ఒక పూర్తి చుట్టులో నాలుగుసార్లు చీకటి పడి, మధ్యలో నాలుగుసార్లు బూడిద గోధుమ రంగుల్లో వెలుగుతుంది. కొన్ని రేణువుల్లో సమాంతర చారలుగా ట్విన్నింగ్ (జంట స్ఫటికాలు అతుక్కుని పెరగడం) కూడా బయటపడుతుంది. పోలరైజర్‌ను సరిగ్గా అడ్డంగా కాకుండా రెండు మూడు డిగ్రీలు పక్కకు తిప్పితే ఈ మార్పు మరింత సులువుగా కనిపిస్తుంది. ల్యాబులో పిల్లలకు ముందు చెప్పాల్సిన కిటుకు ఇదే.

ఒక జాగ్రత్త. ఇల్మెనైట్ పలకకు సరిగ్గా సమాంతరంగా కోసిన రేణువు కూడా చీకటిగానే ఉండిపోతుంది. ఒక్క రేణువు చూసి మాగ్నెటైట్ అని రాయకండి, చుట్టుపక్కల మరికొన్ని తిప్పి చూడండి.

ఒకే రేణువులో రెండు రంగుల గీతలు కనిపించాయి. పాలిష్ పాడైందా?

లేదు, మీకు దొరికింది మంచి రేణువు. అధిక ఉష్ణోగ్రత దగ్గర ఇనుము, టైటానియం ఆక్సైడ్లు ఒకదానిలో ఒకటి కలిసిపోయి ఒకే స్ఫటికంగా ఉంటాయి. రాయి మెల్లగా చల్లారేటప్పుడు ఆ కలయిక నిలవదు. కాచిన నెయ్యి చల్లారి పూస కట్టినట్టు, ఒక ఖనిజం లోపల మరొకటి విడివడుతుంది.

మాగ్నెటైట్ లోపల ఇల్మెనైట్ విడివడితే, ఆ పొరలు మాగ్నెటైట్ ఎనిమిది ముఖాల దిశల్లోనే వస్తాయి. మైక్రోస్కోపులో త్రిభుజాల జాలీ కనిపిస్తుంది. దీనికి చల్లారడంతో పాటు ఆక్సిజన్ చేరడం కూడా అవసరం. ఇల్మెనైట్ లోపల హెమటైట్ విడివడితే జాలీ రాదు. అన్నీ ఒకే దిశలో, సన్నని తెల్లటి కటకాల్లా వరుసలు కడతాయి. తూర్పు కనుమల రాళ్లు చాలా లోతులో, చాలా నెమ్మదిగా చల్లారినవి. అందువల్ల మన ఇసుకలో ఈ రెండో రకం బాగా దొరుకుతుంది. కొన్ని ఇల్మెనైట్లు అయస్కాంతానికి అనుకున్నదానికన్నా బాగా స్పందించడానికి కారణాల్లో ఇదొకటి.

అందుకే అయస్కాంతం చెప్పిన మాటను మైక్రోస్కోపుతో సరిచూడాలంటాను. రేణువు బయటి ప్రవర్తన అంతా లోపలున్నదాన్ని బట్టే ఉంటుంది.

రసాయన పరీక్ష ఏదైనా ఉందా?

టైటానియం ఉందో లేదో తేల్చే పాత పద్ధతి ఉంది. మెత్తగా నూరిన పొడిని గాఢ హైడ్రోక్లోరిక్ ఆమ్లంలో వేడిచేసి కరిగించి, తగరం ముక్క వేసి మరిగిస్తే, టైటానియం ఉన్నప్పుడు ద్రావణం ఊదా రంగుకు మారుతుంది. ఇల్మెనైట్ చాలా నెమ్మదిగా కరుగుతుంది కాబట్టి మెత్తగా నూరడం ముఖ్యం. లెక్చరర్ దగ్గరుండగా, ల్యాబులోనే చేయాలి. టైటానియం కలిసిన మాగ్నెటైట్ కూడా ఊదా రంగు ఇవ్వగలదని మరవకండి.

టైటానియం అనే మూలకం మొదట దొరికింది ఇలాంటి నల్ల ఇసుకలోనే. 1791లో ఇంగ్లండులోని కార్న్‌వాల్‌లో విలియం గ్రెగర్ అనే మతగురువు వాగులోని నల్ల ఇసుకను పరీక్షిస్తూ దాన్ని కనిపెట్టాడు. ఆ ఇసుక ఇల్మెనైటే.

గరివిడి, చీపురుపల్లి వైపు దొరికే నల్లరాయి కూడా ఇదేనా?

కాదు. అది మాంగనీస్ ఖనిజం. విజయనగరం జిల్లాలో మాంగనీస్ తవ్వకం 19వ శతాబ్దం చివర్లోనే మొదలైంది. పైరొలుసైట్ లాంటివి చేతికి మసి అంటిస్తాయి. ఇల్మెనైట్, మాగ్నెటైట్ అలా అంటించవు. అయితే గరివిడి ఖనిజాల్లో వ్రెడెన్‌బర్గైట్ అని ఒకటుంది. మాంగనీస్, ఇనుము కలిసిన ఆ ఖనిజం అయస్కాంతానికి గట్టిగా అతుక్కుంటుంది. అయస్కాంతాన్ని మాత్రమే నమ్మితే దాన్ని కూడా మాగ్నెటైట్ అనేస్తాం.

నల్ల చారల పక్కన ఎర్ర ఇసుక ఉంటుంది. అందులో ఇనుము ఉందా?

ఉంది. అది గార్నెట్, ముఖ్యంగా ఆల్మండైన్ రకం. గాజులా మెరుస్తుంది, కాంతి దాని గుండా పోతుంది, కాఠిన్యం 7 పైనే, సాంద్రత సుమారు 4.1 నుంచి 4.3. క్రాస్డ్ పోలరైజర్ల కింద చీకటిగా ఉంటుంది. ఉప్పుకాగితం లాంటి గరుకు సామాన్ల తయారీకి వాడతారు.

ఈ ఇసుకలో రేడియోధార్మికత ఉందంటారు. ముట్టుకోవచ్చా?

ఇల్మెనైట్‌కు, మాగ్నెటైట్‌కు, గార్నెట్‌కు ఆ గుణం లేదు. వాటితో పాటు కొద్దిగా ఉండే మోనజైట్‌లో థోరియం ఉంటుంది. చెంచాడు ఇసుకతో పరీక్షలు చేసుకున్నందువల్ల టెన్షన్ పడాల్సిందేమీ లేదు. పొడి నూరేటప్పుడు మాత్రం ముక్కుకు మాస్కు కట్టుకోండి. ఆ దుమ్ము ఏదైనా ఊపిరితిత్తులకు మంచిది కాదు.

పరీక్షలో "రెండిటి భౌతిక, కాంతి ధర్మాలను పోల్చండి" అని వస్తే?

పట్టిక గీయండి, తప్పులేదు. కానీ పట్టిక కింద నాలుగు వాక్యాలు రాయండి. ఏ ధర్మం నమ్మదగినది, ఏది ఎప్పుడు మోసం చేస్తుందో చెప్పండి. కాఠిన్యం, రంగు పనికిరావని, అయస్కాంతం సగం మాత్రమే చెబుతుందని, క్రాస్డ్ పోలరైజర్ల కింద ఐసోట్రోపిక్కా కాదా అన్నదే తేలుస్తుందని రాస్తే, మీరు నమూనాను నిజంగా చూశారని దిద్దేవారికి తెలుస్తుంది. విడివడిన పొరల బొమ్మ ఒకటి గీస్తే ఇంకా మంచిది.

మాగ్నెటైట్‌లో ఇనుము ఎక్కువ కదా, మరి ఇల్మెనైట్‌కే ఎందుకంత గిరాకీ?

టైటానియం డయాక్సైడ్ కోసం. గోడకు వేసే తెల్ల పెయింటు, కాగితం, ప్లాస్టిక్, టూత్‌పేస్టు, అన్నిట్లో ఆ తెలుపు అదే. కాంతిని అంత బాగా వంచి వెదజల్లే తెల్ల పొడి మరొకటి చవగ్గా దొరకదు. ఇంత నల్లటి ఇసుకలోంచి అంత తెల్లటి రంగు రావడం నాకు ఇప్పటికీ అబ్బురమే. ఇసుకలోంచి వేరుచేసేటప్పుడు ముందు నీటితో పాటు స్పైరళ్ల మీదుగా పారించి బరువైన ఖనిజాల్ని పోగుచేస్తారు. తర్వాత అయస్కాంత యంత్రాలు, అధిక వోల్టేజీ యంత్రాలు వాడతారు. విద్యుత్తును పోనిచ్చే ఇల్మెనైట్ ఒకవైపు, పోనివ్వని గార్నెట్, మోనజైట్ మరోవైపు పడతాయి.

నమూనా కోసం ఒడ్డు నుంచి ఇసుక తెచ్చుకోవచ్చా?

పైన చెప్పిన ఇంటి పరీక్షలకు చెంచాడు చాలు. డెన్సిటీ బాటిల్‌కు కావాల్సినది మీ కాలేజీ ద్వారా అనుమతి తీసుకుని తెచ్చుకోండి. బస్తాల్లో తవ్వడం, అమ్మడం అనుమతి లేకుండా చేస్తే నేరం. మోనజైట్ ఉన్న ఇసుక మీద అణుశక్తికి సంబంధించిన చట్టం కూడా వర్తిస్తుంది. తెచ్చుకునేది అలలు తడిపే చోటి నుంచే తీసుకోండి. ఇసుక దిబ్బల్ని, వాటి మీది సరుగుడు, అడంబు తీగల్ని తవ్వవద్దు. తుఫాను ఉప్పెన వచ్చినప్పుడు వెనకున్న ఊళ్లకు అడ్డు ఆ దిబ్బలే. వేసవికి ముందు నెలల్లో ఆలివ్ రిడ్లే తాబేళ్లు గుడ్లు పెట్టడానికి ఒడ్డు ఎక్కుతాయి. అప్పుడు రాత్రిపూట టార్చీలతో అటు వెళ్లకండి. తెచ్చుకున్న సీసా మీద ఊరి పేరు, తేదీ, అల అంచు నుంచి ఎంత దూరంలో తీశారో రాసి పెట్టండి. ఆ మూడూ రాయకపోతే ఎంత మంచి నమూనా అయినా ల్యాబులో ఇంకెవరికీ పనికిరాదు.